పేరు కొత్తది, పాటలు అవే: రేడియో స్టేషన్ల రీబ్రాండింగ్ వెనక ఏం జరుగుతుంది?

ఎప్పుడూ మామూలుగా పాటలు వేసుకునే స్టేషన్ ఒక శుక్రవారం సాయంత్రం ఉన్నట్టుండి వింతగా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఒకే పాటను గంటల తరబడి తిప్పి తిప్పి వేస్తుంది. లేదంటే ఏదో యంత్రం గొంతు అంకెలు వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది. రోజూ పలకరించే ఆర్జే ఏమయ్యాడో చెప్పరు. రేడియో వాళ్ల భాషలో దీన్ని స్టంటింగ్ అంటారు. సోమవారం పొద్దున్నకి కొత్త పేరు, కొత్త లోగో, కొత్త జింగిల్, ఇకమీదట అంతా కొత్తే అని ఊదరగొట్టే గొంతు ఒకటి సిద్ధం. మంగళవారానికల్లా శ్రోతకు సంగతి తెలిసిపోతుంది. పేరు మారింది గానీ తీరు మారలేదు. పోయిన వారం విని విని విసుగెత్తిన పాటలే ఇంచుమించు అదే వేళకు మళ్లీ వస్తున్నాయి.

ఇంత హంగామా చేసినవాళ్లకు నాలుగు పాటలు మార్చడం చేతకాలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చేతకాక కాదు. పేరును ఖరారు చేసేవాళ్లు, పాటలను ఖరారు చేసేవాళ్లు చూసేది ఒకే జనాన్ని కాదు. పేరు మార్చేటప్పుడు కంపెనీ కళ్ల ముందు ఉండేది ప్రకటనదారు, సర్వేలో పాల్గొనే మనిషి, ఒక్కోసారి కొత్త యజమాని. పాటల జాబితా వేసేటప్పుడు కళ్ల ముందు ఉండేది చెయ్యి బటన్ మీద పెట్టుకుని ఏ క్షణాన స్టేషన్ తిప్పేస్తాడో తెలియని మనిషి. రోజంతా రేడియో పెట్టుకుని కూర్చునే శ్రోత ఈ రెండు లెక్కల్లోనూ లేడు. విసుగెత్తేది మాత్రం అతనికే.

పేరు ఎందుకంత ముఖ్యం

రేడియోకు టికెట్ ఉండదు. ఎంతమంది విన్నారో లెక్క తేల్చడానికి కొందరిని ఎంచుకుని అడగడం తప్ప పాత రోజుల్లో వేరే దారి లేదు. అమెరికాలో ఆర్బిట్రాన్ సంస్థ దశాబ్దాల పాటు డైరీ పద్ధతినే నడిపింది. బ్రిటన్‌లో 1992లో మొదలైన రాజార్ అనే కొలత సంస్థ కూడా డైరీలతోనే పని చేసింది. ఎంపికైన మనిషికి చిన్న పుస్తకం ఇస్తారు. వారం పాటు ఏ స్టేషన్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా విన్నాడో అందులో నింపి ఇవ్వాలి. చాలామంది వింటూ వింటూ రాయరు. రాత్రి పడుకోబోయే ముందో, వారం చివర్లోనో గుర్తు తెచ్చుకుని రాస్తారు. అంటే కొలతకు వచ్చేది వినికిడి కంటే జ్ఞాపకం. నాలుగు గంటలు విన్నా పేరు గుర్తురాకపోతే ఆ నాలుగు గంటలు పక్క స్టేషన్ ఖాతాలో పడిపోవచ్చు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే రేడియోలో వినిపించే సగం మోత అర్థమైపోతుంది. రెండు పాటల మధ్య ఇరవై సెకన్లు దొరికితే అందులో మూడుసార్లు పేరు, రెండుసార్లు ఫ్రీక్వెన్సీ చెప్పడం, పేర్లు ఒకటి రెండు మాటలకు మించకపోవడం, పేరులోనే అంకె కలిపేయడం, ఇవన్నీ డైరీ నింపే మనిషి చెవిలో గూడు కట్టుకోవడానికి. పక్క స్టేషన్ పేరుతో తమ పేరు కలగాపులగం అవుతోందని సర్వేలో తేలితే పేరు మార్చేయడం అక్కడ వెర్రి పనేమీ కాదు. పాట ఒక్కటీ మార్చకుండానే రేటింగ్ పెరిగే అవకాశం ఉంది మరి.

పేరు మారడానికి శ్రోతతో ఏ మాత్రం సంబంధం లేని కారణాలూ ఉంటాయి. బ్రిటన్‌లో వర్జిన్ రేడియో కథ చూడండి. 2008లో టైమ్స్ ఆఫ్ ఇండియా గ్రూపుకు చెందిన కంపెనీ దాన్ని 5.32 కోట్ల పౌండ్లకు కొన్నది. స్టేషన్, లైసెన్సు, సిబ్బంది వచ్చాయి గానీ పేరు రాలేదు, అది వర్జిన్ గ్రూపుది. ఆ ఏడాది సెప్టెంబరు 28న స్టేషన్ అబ్సొల్యూట్ రేడియో అయింది. రాక్ పాటల స్టేషన్ రాక్ పాటల స్టేషన్‌గానే మిగిలింది. చిత్రమేమిటంటే వర్జిన్ రేడియో అనే పేరు 2016లో బ్రిటన్ డిజిటల్ రేడియోలోకి మళ్లీ వచ్చింది, వేరే కంపెనీ చేతుల్లో, వేరే స్టేషన్ మీద. పేరు ఒక దారి, స్టేషన్ ఒక దారి అయ్యాయి. ఇలాంటి మార్పులో పాటలు కొత్తగా ఉంటాయని ఆశించడమే పొరపాటు.

ఇక నెట్‌వర్కుల సంగతి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఇన్ని స్టేషన్లకు మించి పెట్టుకోకూడదన్న పరిమితిని ఎత్తేసింది. అంతకు ముందు అది నలభై. ఆ తర్వాత క్లియర్ చానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలో 1,200కు పైగా స్టేషన్లు చేరాయి. ఆ కంపెనీయే 2014లో ఐహార్ట్‌మీడియాగా పేరు మార్చుకుంది, నాలుగేళ్లకు అప్పుల భారంతో దివాలా రక్షణ కోరింది. బ్రిటన్‌లో గ్లోబల్ కంపెనీ 2008లో జీక్యాప్ అనే మరో రేడియో కంపెనీని కొన్నాక ఊరి పేర్లతో, వాగు పేర్లతో నడిచిన చిన్న చిన్న స్టేషన్లకు వరసగా హార్ట్ అని పేరు పెట్టింది. 2010లో అలాంటి 33 స్టేషన్లను 15గా కలిపేసింది. 2020 సెప్టెంబరు 1న బావర్ కంపెనీ డజన్లకొద్దీ స్థానిక స్టేషన్లను ఒక్క రోజులో గ్రేటెస్ట్ హిట్స్ రేడియో గొడుగు కిందికి తెచ్చింది.

ఈ రకం రీబ్రాండింగ్‌లో పాటలు మారతాయి. మారేది తగ్గడం వైపు. పది ఊళ్లలో పది మంది వేసుకునే పది జాబితాలు పోయి ఒక్క జాబితా మిగులుతుంది. దేశమంతా ప్రకటన ఇవ్వాలనుకునే కంపెనీకి ఇది చాలా సులువు, ఒక్క పేరుతో ఒక్క బేరం. ఆ ఊళ్లో మాత్రమే పేరున్న బ్యాండు పాటను సాయంత్రం పూట వేసే మనిషి మాత్రం ఇక ఉండడు. అన్ని రకాల పేరు మార్పుల్లోనూ నాకు బాగా కష్టంగా తోచేది ఇదే. పైకి ఏదో కొత్తగా వచ్చినట్టు ఉంటుంది, నిజానికి ఒకటి మూతబడింది.

పాటను ఎంచేది ఎవరు

ఒకే పాటను పదేపదే వేయాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కథ ఒకటి రేడియో వాళ్లలో బాగా చలామణీలో ఉంది. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని ఒమాహాలో కేఓడబ్ల్యూహెచ్ స్టేషన్ నడుపుతున్న టాడ్ స్టోర్జ్ ఒక బార్‌లో కూర్చున్నాడట. అక్కడి జ్యూక్‌బాక్సులో జనం సాయంత్రమంతా కొన్ని పాటలనే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. అందరూ వెళ్లిపోయాక సర్వర్‌గా పని చేసే ఆమె తన సొంత డబ్బులు వేసి మళ్లీ వాటిలో ఒక పాటనే పెట్టుకుందట. రోజంతా విన్నది చాలక! కథలో ఎంత నిజముందో గానీ టాప్ 40 ఫార్మాట్‌ను నిలబెట్టినవాళ్లలో స్టోర్జ్ ముందు వరసలో ఉన్న మాట నిజం. 1965లో లాస్ ఏంజెలిస్ కేహెచ్‌జే స్టేషన్‌లో బిల్ డ్రేక్ ఆ జాబితాను ఇంకా కుదించి, మాటలు కోసేసి, పాటల మధ్య ఖాళీ లేకుండా చేశాడు. రేటింగులు దూసుకుపోయాయి. చిన్న జాబితా పెద్ద రేటింగ్ అన్న సూత్రం అప్పుడు వేసుకున్న వేరు ఇప్పటికీ కదల్లేదు.

ఈ రెంటి మధ్యలో ఇంకొకటి జరిగింది. రికార్డు కంపెనీలు ఆర్జేలకు లంచాలిచ్చి తమ పాటలు వేయించుకుంటున్నాయని 1959, 60ల్లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపింది. ఆ గొడవలో ఆలన్ ఫ్రీడ్ లాంటి పేరు మోసిన ఆర్జే ఉద్యోగం పోయింది. స్టేషన్ యజమానులు పాట ఎంచుకునే పనిని ఆర్జే చేతిలోంచి తీసి ప్రోగ్రామ్ డైరెక్టర్ చేతిలో పెట్టారు. ఒక్క మనిషి మీద నిఘా పెట్టడం తేలిక కదా. అప్పటినుంచి మైకు ముందు కూర్చున్నవాడు పాటకు పూచీదారు కాడు. ‘మీ కోసం నేను ఏరి తెచ్చిన పాట’ అని ఆర్జే అంటే మర్యాదకు నమ్మినట్టు ఉండడమే మంచిది.

ప్రోగ్రామ్ డైరెక్టర్ కూడా తన ఇష్టానికి వేయడు. పరిశోధన ఉంటుంది. ఒక హాల్లో వందమంది దాకా శ్రోతలను కూర్చోబెట్టి వందలకొద్దీ పాటల ముక్కలు వినిపిస్తారు. పాటలో నోటికి పట్టేసే భాగం, ఏడు నుంచి పది సెకన్లు. దాన్ని హుక్ అంటారు. ప్రతి ముక్కకూ మార్కులు వేయాలి: ఈ పాట తెలియదు, నచ్చదు, పర్వాలేదు, ఇష్టం, చాలా ఇష్టం, విని విని విసుగొచ్చింది. కొత్త పాటలకైతే ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో ఇదే పని కొన్ని రోజులకోసారి చేస్తారు.

ఈ పరీక్షలో నాకు కనిపించే లోపాలు రెండున్నాయి. మొదటిది, ఏడు సెకన్లలో మార్కులు వేయాలంటే పాట ముందే తెలిసి ఉండాలి. తెలియని పాటకు మార్కులు రావు, మార్కులు రాని పాట జాబితాలోకి రాదు, జాబితాలోకి రాని పాట ఎవరికీ తెలియదు. నెమ్మదిగా ఎక్కే పాటకు ఈ గదిలో చోటే లేదు. రెండో లోపం ఇంకా పెద్దది. హాలుకు పిలిచేది ఎక్కువగా ఆ స్టేషన్‌నో అలాంటి స్టేషన్లనో వినేవాళ్లను. విసుగెత్తి రేడియో కట్టేసి వెళ్లిపోయినవాళ్లు ఆ కుర్చీల్లో ఉండరు. ఉన్నవాళ్లను అడిగితే ఉన్నది బాగుందనే చెబుతారు, ఆ మాట పట్టుకుని స్టేషన్ ఇంకో ఏడాది అదే జాబితాతో నడుస్తుంది.

విసుగును లెక్కలోకి తీసుకోరా అంటే తీసుకుంటారు. దానికి బర్న్ అని పేరు. చిక్కేమిటంటే బర్న్ ఎక్కువున్న పాటలకే ఇష్టం మార్కులు కూడా ఎక్కువుంటాయి. పేరున్న పాట కాబట్టే ఎక్కువసార్లు పడింది, ఎక్కువసార్లు పడింది కాబట్టే విసుగొచ్చింది, అయినా ఇప్పటికీ వినగానే పెదాలు కదులుతాయి. మళ్లీ మళ్లీ ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయంక్ 1968లో చూపించాడు. ఆ ఇష్టం ఒక స్థాయి దాటాక మళ్లీ దిగుతుందని బెర్లైన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు తర్వాత చెప్పారు. రేడియో మొదటి సగాన్ని బాగా ఒంటబట్టించుకుంది.

బర్న్‌కు మందు కూడా వాళ్లకు తెలుసు. అరిగిపోయిన పాటను తీసేయక్కర్లేదు, రెండు మూడు నెలలు పక్కన పెడితే చాలు, తిరిగొచ్చేసరికి తాజాగా వినిపిస్తుంది. జాబితాను మూడు నాలుగు జట్లుగా విడగొట్టి కొన్ని వారాలు ఒక జట్టును ఆడించి, ఇంకో జట్టుకు విశ్రాంతి ఇవ్వడం పాత పద్ధతే. ఖర్చేమీ లేదు. కూర్చుని ఆ పని చేసే మనిషి మాత్రం కావాలి. కంపెనీలు కలిసిపోయాక ఒకే ప్రోగ్రామ్ డైరెక్టర్ నాలుగైదు స్టేషన్లు చూసుకుంటున్న చోట ఆ మనిషికి తీరిక ఎక్కడిది?

గడియారంలో ఇరుక్కున్న పాట

‘పొద్దున్న ఎనిమిదింటికి ఆ పాట వచ్చిందంటే ఆఫీసుకు ఆలస్యమైనట్టే’ అని జోకులు వేసుకుంటారు చూడండి, అది వట్టి జోకు కాదు. చిన్న లెక్క.

స్టేషన్లు గంటను ఒక గడియారంగా గీసుకుంటాయి. గంటకు పన్నెండు పాటలు పడతాయనుకుందాం. అందులో రెండు చోట్లు ఇప్పుడు ఊపు మీదున్న హిట్లకు, రెండు మూడు చోట్లు ఆర్నెల్ల కిందటి హిట్లకు, మిగతావి పాతవాటికి. ఊపు మీదున్న హిట్ల డబ్బాలో ఆరు పాటలున్నాయనుకోండి. గంటకు రెండు చొప్పున ఆరూ పూర్తవడానికి మూడు గంటలు పడుతుంది. ఇరవై నాలుగును మూడు నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి పొద్దున్న ఎనిమిదింటికి వచ్చిన పాట పదకొండుకు, రెండుకు, ఐదుకు, రాత్రి ఎనిమిదికి వచ్చి, తెల్లారి మళ్లీ సరిగ్గా ఎనిమిదింటికే వస్తుంది. రోజూ ఎనిమిదింటికి బండెక్కే మనిషికి ఆ వారమంతా అదే పాట. డబ్బాలో ఉన్న మిగతా ఐదూ అతని చెవిన పడవు.

ఇప్పుడు ఆ డబ్బాలో ఇంకొక్క పాట వేయండి. ఏడు పాటలు, మూడున్నర గంటల చుట్టు. ఏడు చుట్లు తిరిగేసరికి ఇరవై నాలుగున్నర గంటలు. ఈ రోజు ఎనిమిదింటికి పడ్డ పాట రేపు ఎనిమిదిన్నరకు జరుగుతుంది, ఎల్లుండి తొమ్మిదికి. ఆ ఎనిమిది గంటల చోటులోకి రోజుకొక పాట వస్తుంది, మొదటి పాట మళ్లీ అక్కడికి రావడానికి వారం పడుతుంది. వారంలో ఆ పాట పడే సంఖ్య 56 నుంచి 48కి మాత్రమే తగ్గింది. వినేవాడి అనుభవం మాత్రం తలకిందులైంది.

ఈ లెక్కలు చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. 1979లో ఆండ్రూ ఎకనోమోస్ మొదలుపెట్టిన ఆర్‌సీఎస్ కంపెనీ వారి సెలెక్టర్ ఈ రంగంలో బాగా పాతుకుపోయింది. ఒకే గాయకుడి పాటలు వెంటవెంట రాకుండా, వరసగా నెమ్మది పాటలు పడకుండా, నిన్న ఈ వేళకు పడిన పాట ఇవాళ పడకుండా ఎన్ని నియమాలైనా పెట్టుకోవచ్చు. కానీ డబ్బాలో ఉన్నవాటినే అది కలుపుతుంది. పైగా జాబితా చిన్నదై నియమాలు ఎక్కువైతే విచిత్రం జరుగుతుంది. అన్ని నియమాలకూ ఒదిగే పాటలు ఏ గంటకైనా రెండో మూడో మిగులుతాయి, అవే పడుతుంటాయి. ఫలానా పాట అయ్యాక ఫలానాదే వస్తుందని శ్రోత ముందే చెప్పేస్తాడు. కలిపే కొద్దీ వరస గట్టిపడటం అన్నమాట. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే స్టేషన్లు చాలాసార్లు తిట్టుకోవాల్సింది తాము పెట్టిన నియమాలనే.

ఇక్కడే ‘పని వేళల్లో ఒక్క పాట కూడా రెండుసార్లు రాదు’ అన్న ప్రసిద్ధ హామీని కూడా విప్పి చూడొచ్చు. తొమ్మిది నుంచి ఐదు దాకా ఎనిమిది గంటలు, గంటకు పన్నెండు, మొత్తం 96 పాటలు. మూడు వందల పాటలున్న స్టేషన్‌కు ఇది చిటికెలో పని. పొద్దున్న ఎనిమిదీ యాభైకి పడిన పాట సాయంత్రం ఐదూ ఐదుకు పడితే హామీ చెక్కుచెదరదు. రేపు పొద్దున్న అవే 96 మొదటినుంచి మొదలుపెట్టినా చెక్కుచెదరదు.

అరగంట శ్రోత, ఎనిమిది గంటల శ్రోత

పాత పాటల డబ్బాలో 300 ఉన్నాయి, గంటకు ఎనిమిది పడతాయి అనుకుందాం. రోజూ వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట వినే మనిషికి రోజుకు ఎనిమిది పాటలు అందుతాయి. ఒక్కటీ తిరిగి రాకుండా ఉంటే ఆ జాబితా పూర్తి కావడానికి అతనికి నెల దాటుతుంది. అతని దృష్టిలో స్టేషన్ బాగానే ఉంది, ఎప్పుడు పెట్టినా తెలిసిన పాటే. రోజుకు ఎనిమిది గంటలు రేడియో మోగే చోట పని చేసే మనిషికి 64 పాటలు. ఐదు రోజులు నిండకుండానే మొత్తం డబ్బా ఖాళీ. ఇద్దరూ ఒకే స్టేషన్ వింటున్నారు. ఇద్దరి ఫిర్యాదులూ ఒకచోట పెడితే ఒకరు అబద్ధం చెబుతున్నారేమో అనిపిస్తుంది.

స్టేషన్ మొదటివాడి పక్షమే వహిస్తుంది. అలాంటివాళ్లు చాలామంది ఉంటారు, అతను పట్టుకోవాల్సిన మనిషి. రెండోవాడు విసుక్కుంటూనైనా వింటాడు, పైగా చాలా చోట్ల ఆ రేడియో మీట అతని చేతిలో ఉండదు.

కొలిచే పద్ధతి మారాక ఈ మొగ్గు ఇంకా పెరిగింది. ఆర్బిట్రాన్ 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లతో మొదలుపెట్టి పెద్ద నగరాల్లో డైరీ తీసేసి పీపుల్ మీటర్ తెచ్చింది. నడుముకు తగిలించుకునే చిన్న పరికరం అది. స్టేషన్లు తమ ధ్వనిలో చెవికి అందని సంకేతం కలుపుతాయి, మనిషి దగ్గర ఏది మోగుతోందో పరికరం పసిగడుతుంది. జ్ఞాపకంతో పని లేదు. అబద్ధానికీ తావు తక్కువ. దాంతో తేలిందేమిటంటే జనం డైరీల్లో రాసుకున్నట్టు గంటలకొద్దీ ఒకే స్టేషన్‌ను అంటిపెట్టుకుని ఉండరు. కొన్ని నిమిషాలు వింటారు, తిప్పేస్తారు, మళ్లీ వస్తారు. ఆ కొన్ని నిమిషాల్లో తెలియని పాట పడితే మనిషి జారిపోయినట్టు మీటర్ చూపిస్తుంది. ఈ పట్టిక ముందు పెట్టుకుని కొత్త పాటకు ఓటు వేయడానికి ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు గుండె ధైర్యం కావాలి. తెలిసిన పాట వేసి రేటింగ్ పోగొట్టుకుంటే పరిస్థితులు బాగాలేవంటారు. తెలియని పాట వేసి పోగొట్టుకుంటే ఉద్యోగం పోతుంది.

మీటర్‌కు కనిపించనిది ఒకటి ఉంది. ఈ నిమిషంలో తిప్పేసినవాణ్ణి అది చూపిస్తుంది. రెండేళ్ల పాటు మెల్లమెల్లగా ఆసక్తి పోయి ఒకనాడు రేడియో పెట్టడమే మానేసినవాడు ఏ పాట దగ్గర మానేశాడో చూపించలేదు. విసుగు ఏ ఒక్క పాట ఖాతాలోనూ పడదు.

నిజంగా పాటలు మారిస్తే ఏమైంది

మార్చి చూసినవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం 1972 నుంచి ఓల్డీస్‌కు, అంటే పాత తరం హిట్లకు, పెట్టింది పేరు. 2005 జూన్ 3న ముందు మాట లేకుండా అది జాక్ ఎఫ్ఎం అయిపోయింది. కెనడాలో అప్పటికే పుంజుకున్న ఫార్మాట్ అది. ఆర్జేలు ఉండరు, జాబితా చాలా పెద్దది, ఏ దశాబ్దం పక్కన ఏ దశాబ్దమైనా పడొచ్చు, మాకు తోచింది మేం వేస్తాం అన్నది దాని నినాదం. పాటల విసుగుకు ఇంతకంటే సూటి మందు ఉండదనుకుంటాం. కానీ పాత శ్రోతలు మండిపడ్డారు, నగర మేయర్ బ్లూమ్‌బర్గ్ సైతం కోపం దాచుకోలేదు. రేటింగులు పడిపోయాయి. 2007 జూలై 12న పాత పేరు తిరిగొచ్చింది.

అక్కడితో ఆపేస్తే జనానికి పాత పాటలే కావాలి అన్న పాఠం మిగులుతుంది, స్టేషన్లు నేర్చుకున్నదీ అదే. రెండు సంగతులు మాత్రం పక్కకు పోయాయి. జాక్ పోగొట్టింది పాటలను ఒక్కటే కాదు, జనం ముప్పై ఏళ్లుగా ఎరిగిన గొంతులను కూడా. రెండోది, 2007లో తిరిగొచ్చింది పాత స్టేషన్ కాదు. పేరు అదే గానీ 1950ల పాటలు చాలావరకు పోయి 60, 70, 80ల హిట్లు వచ్చాయి. ప్రకటనదారులకు కావాల్సింది 25 నుంచి 54 ఏళ్ల లోపు శ్రోతలు, ఓల్డీస్‌తో పెరిగిన తరం ఆ గీత దాటిపోతోంది. కొత్త పేరు పెట్టి పాత పాటలు వేయడం మనకు తెలుసు. ఇక్కడ పాత పేరు పెట్టి పాటలు మార్చారు. ఈ రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 1 ఇంకో రకం. 1967 సెప్టెంబరు 30న మొదలైన ఆ స్టేషన్ ఆర్జేలు శ్రోతలతో పాటే వయసు మీద పడి, 90ల నాటికి యువత స్టేషన్‌గా చెప్పుకోవడానికే ఎబ్బెట్టుగా తయారైంది. 1993లో మాథ్యూ బానిస్టర్ పగ్గాలు పట్టాడు. పేరు ముట్టుకోలేదు. పాటలనూ మనుషులనూ మార్చాడు. మార్పులు మొదలవుతున్న ఆగస్టులోనే పాత ఆర్జే డేవ్ లీ ట్రావిస్ మైకులోనే రాజీనామా ప్రకటించి వెళ్లిపోయాడు. తర్వాతి రెండు మూడేళ్లలో లక్షల సంఖ్యలో శ్రోతలు జారిపోయారు. అయినా స్టేషన్ వెనక్కి తగ్గలేదు, చివరికి కొత్త సంగీతానికి గుర్తింపున్న చోటుగా నిలదొక్కుకుంది. అంతకాలం ఓర్చుకోగలగడానికి ధైర్యంతో పాటు ఇంకో కారణముంది: దాన్ని నడిపేది లైసెన్సు ఫీజు, ప్రకటనలు కావు. ప్రకటనల మీద బతికే స్టేషన్‌కు ఒక్క ఏడాది అలాంటి రేటింగులు వస్తే యజమాని మారతాడు. పేరు కూడా మారుతుందనుకోండి.

ఫ్రాన్స్ ఈ పనిని చట్టంతో చేయించాలని చూసింది. పాటల్లో 40 శాతం ఫ్రెంచ్‌వి ఉండాలన్న కోటా 1996 నుంచి అమల్లో ఉంది. స్టేషన్లు దాన్ని తమదైన తెలివితో పాటించాయి: పదో పన్నెండో ఫ్రెంచ్ హిట్లను పట్టుకుని వాటినే తిప్పి తిప్పి కోటా నింపేశాయి. కోటా నిండింది, శ్రోతకు విసుగు రెట్టింపైంది. దాంతో 2016లో చట్టాన్ని సవరించారు. ఎక్కువగా పడుతున్న పది ఫ్రెంచ్ పాటలే ఫ్రెంచ్ కోటాలో సగానికి మించిపోతే ఆ పైన వేసినవి లెక్కలోకి రావు. స్టేషన్లు అంతకు ముందే గగ్గోలు పెట్టాయి, ఏం వేయాలో ప్రభుత్వం చెప్పడమేమిటని. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కానీ పునరావృతాన్నే సూటిగా కొలిచి దానికి హద్దు గీసిన నియమం నాకు తెలిసినంతలో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు.

ఇక స్ట్రీమింగ్ వచ్చాక రేడియో చిక్కు కొత్త మలుపు తిరిగింది. కోరిన పాట కోరిన క్షణంలో ఫోన్లో దొరుకుతుంటే తెలిసిన పాటలు వేయడం ఒక్కటే రేడియో గొప్ప కాలేదు. కొన్ని కంపెనీలు విడదీయడంలో దారి వెతుక్కున్నాయి. ఇందాక చెప్పుకున్న అబ్సొల్యూట్ రేడియోయే 2009 చివర్లో 80ల పాటలకు విడిగా ఒక డిజిటల్ స్టేషన్ పెట్టి, ఆ తర్వాత ఇతర దశాబ్దాలకూ ఒక్కొక్కటి తెరిచింది. ఒక స్టేషన్ జాబితాను పెంచడం కంటే చిన్న జాబితాల స్టేషన్లు నాలుగు పెట్టడం వాళ్లకు నచ్చింది. ఒకటి విసుగొస్తే శ్రోత రెండోదానికి వెళ్తాడు, వెళ్లినా ఇంట్లోనే ఉంటాడు.

మీరు వినే స్టేషన్ పేరు మార్చుకుంటే అందులో సరుకు ఎంతో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. చాలా స్టేషన్లు వేసిన పాటల జాబితాను తమ వెబ్‌సైట్లో గంటల వారీగా పెడుతున్నాయి. పేరు మారక ముందు వారం, మారిన నెల తర్వాత ఒక వారం తీసి పక్కపక్కన పెట్టండి. మారిన వెంటనే వచ్చే వారం వద్దు, అది పెళ్లి ముస్తాబు లాంటిది. మొత్తం ఎన్ని వేర్వేరు పాటలు పడ్డాయో చూడండి, ఒకే పాట వరసగా రెండు రోజులు అదే గంటలో పడిందేమో చూడండి. ఆ తర్వాత కొత్త పాటలు ఏ వేళకు పడ్డాయో చూడండి. పొద్దున్న ఎనిమిది, సాయంత్రం ఆరు మధ్య ఒక్కటీ లేకుండా అన్నీ అర్ధరాత్రి దాటాకే కనిపిస్తే, ఆ స్టేషన్ కొత్తదనమంతా ఎవరూ వినని వేళకు అప్పగించేసిందన్నమాట.